నాడె ఎంగిలి

డాక్టరమ్మ మంచి మనిషే. ఆ మాట అనసూర్య ఆ రోజూ అన్నది, అంతా అయిపోయాక కూడా అన్నది. కరీంనగర్ పెద్ద దవాఖాన చుట్టూ ఇన్నాళ్లుగా తిరుగుతుంటే, కూర్చోమని కుర్చీ చూపించిన మొదటి మనిషి ఆమె. పేరు సృజన. ఇంకా పై చదువు చదువుతున్న పిల్ల, కళ్ల కింద నలుపు, బల్ల మీద చల్లారిపోయిన చాయ్. దశరథాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తెల్లకాగితం మీద నోటి నుంచి పొట్టదాకా ఒక గొట్టం బొమ్మ గీసి, నడుమ నల్లగా చుట్టింది. దశరథానికి ఒక పక్క భార్య అనసూర్య, ఇంకో పక్క అక్క రామవ్వ. ముగ్గురూ ఆ నల్లచుట్టు వైపే చూస్తున్నారు.

గడ్డ సంగతి వాళ్లకు కొత్త కాదు. ఆపరేషన్‌కు వీలు కాదని అప్పటికే చెప్పారు, కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, మొదలైంది. గొంతు కింద చర్మం కమిలి, అన్నం మానేసి నెలలైంది. ఆ రోజు పిలిపించింది ఇంకో మాట కోసం.

"గడ్డలోంచి తీసిన ముక్కను మా చదువు కోసం ఇంకో పరీక్షకు పంపినం. దాంట్ల ఒక వైరస్ కనపడ్డది. హెచ్‌పీవీ అంటరు. ఆడవాళ్లకు గర్భసంచి మూతి కాన్సర్ వచ్చేది దీనివల్లనే. అన్నం దిగే గొట్టానికి కూడా దీనివల్ల వస్తదా, రాదా అన్నది ఇంకా ఎవరూ తేల్చలే. కొన్ని దేశాలల్ల రోగుల దగ్గర బాగా కనపడ్డది, కొన్నిచోట్ల అసలే కనపడలే. ఈయనకు తంబాకు ఉంది, బీడీ ఉంది, పొగలు కక్కే చాయ్ అలవాటు ఉంది. అసలు కారణం అవే కావచ్చు. ఇది కనపడ్డదని మందేం మారదు. మీరు పరేషాన్ కావద్దు," అన్నది సృజన.

"గది ఎట్ల అంటుకుంటది బిడ్డా?" అని అడిగింది రామవ్వ.

డాక్టరమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. "ఒంటికి ఒళ్లు తాకితే. ఎక్కువగా భార్యాభర్తల నడుమ." తరువాత అనసూర్య వైపు తిరిగింది. "అమ్మా, మీరు కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి. మీ మంచికే."

లోపలి గదిలో ఒక నర్సు అనసూర్యను బల్ల మీద పడుకోబెట్టి పరీక్షకు శాంపిల్ తీసుకున్నది. వచ్చే వారం వచ్చి అడగమన్నది. అనసూర్య చీర సర్దుకుని బయటికి వచ్చేసరికి రామవ్వ తమ్ముణ్ణి పట్టుకుని గేటుదాకా నడిపించుకుపోయింది. వెనక్కి చూడలేదు.

డాక్టరమ్మ చెప్పిన మాటల్లో తంబాకు ఉంది, బీడీ ఉంది, చాయ్ ఉంది, ఇంకా తేలలేదన్న మాట ఉంది. సిరిసిల్ల బస్సు కదిలేసరికి అవన్నీ దవాఖాన మెట్ల మీదనే మిగిలిపోయాయి. పళ్లు నల్లబడేదాకా నమిలిన తంబాకును అందరూ క్షమించేశారు. బస్సెక్కింది ఒక్కటే, భార్యాభర్తల నడుమ అన్న మాట. ముగ్గురు పట్టే సీటులో రామవ్వ నడుమ కూర్చున్నది.

పొద్దున్నే అనసూర్య జొన్నజావ కాచింది. దశరథం గొంతులో చిన్న పలుకు కూడా దిగదు. అందుకని అతను నేసిన గుడ్డనే రెండు మడతలు వేసి, జావను అందులో పోసి, గంటెతో మెల్లగా తిప్పుతూ వడకట్టాలి. అడుగున మిగిలిన పలుకుల్ని మళ్లీ పిసికి మళ్లీ పోయాలి. చెంచా నోటికి అందించాక అతను కళ్లు మూసుకుని, గుటక దిగేదాకా మంచంపట్టె గట్టిగా పట్టుకుంటాడు. అప్పుడు అనసూర్య గొంతు కూడా అతనితో పాటే కదులుతుంది. ఒక్కోసారి గుటక దిగదు, ముక్కులోంచి వస్తుంది. అప్పుడు తుడిచి, జరసేపు ఆగి, మళ్లీ పోస్తుంది. ఇంటి పనులన్నీ ఈ పని చుట్టే తిరుగుతున్నాయి.

ఆ రోజు గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వస్తే దశరథం తల అడ్డంగా ఊపాడు.

"అక్క తెచ్చింది తాగిన."

మంచం కింద రామవ్వ ఇంటి గిన్నె ఉన్నది. గోడ అవతల పోర్షన్ రామవ్వది. భర్త పోయినప్పటి నుంచి ఒక్కతే ఉంటున్నది. ఆమెకు జావ వడకట్టడం రాదు. దశరథం గడ్డం మీద పలుకులు అంటుకుని ఉన్నాయి. దాని బాధ ఎంతో అనసూర్యకు తెలుసు. పోట్లాడదామనుకుని మానుకున్నది. తడిగుడ్డతో గడ్డం తుడవబోతే అతను గుడ్డ తీసుకుని తనే తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం అరుగు మీద బీడీలు చేసే ఆడవాళ్లు ఎప్పటిలాగే కూర్చున్నారు. అనసూర్య పోయి కూర్చుంటే ఎవరూ లేచిపోలేదు, పల్లెత్తు మాట అనలేదు. జరిగి చోటిచ్చారు. మరీ ఎక్కువ చోటిచ్చారు. రామవ్వ ఎవరి చెవిలో ఏం వేసిందో అడగనక్కర లేదు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి లేదు.

సాయంత్రం జమ్మికుంటకు ఇచ్చిన బిడ్డ ఫోన్ చేసింది. బాపు ఎట్లున్నడని అడిగింది, ఏం తిన్నడని అడిగింది.

"అవ్వా, రామవ్వత్త ఏందో అంటుంది."

"ఏమంటుంది?"

"నాకు తెల్వదే. నువ్వే చెప్పు."

తొమ్మిది నెలలు మోసి కన్న బిడ్డకు తల్లి ఏం చెప్పాలి? అనసూర్య ఫోన్ కట్ చేసి, మళ్లీ మోగుతుంటే చూస్తూ కూర్చున్నది.

దీపాలు పెట్టే వేళ దశరథం తనే పిలిచాడు. "ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకు." సాంచాల, అంటే మరమగ్గాల, మోతలో అరిచి అరిచి మాట్లాడిన గొంతు అది. ఇప్పుడు చెవి దగ్గర పెడితే గానీ వినపడదు. "నేను భీవండిల ఉన్న ఏండ్లల్ల నువ్వు ఈడ ఒక్కదానివే ఉంటివి."

అతను మహారాష్ట్రలో మగ్గాల పనికి పోయిన ఆ ఏండ్లలో అనసూర్య పొద్దంతా నూలు కండెలు చుట్టి, పొద్దుమీకినాక బీడీలు చుట్టి, బిడ్డను వీపున కట్టుకుని మంచినీళ్ల ట్యాంకర్ వెంట ఉరికింది. ఒక్కదానివే ఉంటివి అంటే ఇదా అర్థం?

"నువ్వు గూడ ఆడ ఒక్కనివే ఉంటివి గదా," అన్నది.

దశరథం గోడ దిక్కు తిరిగాడు. మొగవాడు గోడ దిక్కు తిరిగితే ప్రశ్న అక్కడికి అయిపోతుంది. అదే ఆడది తిరిగితే తప్పు ఒప్పుకున్నట్టు. అనసూర్య అక్కడే నిలబడి అతని వీపు వైపు చూసింది. వెన్నుపూసలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. ఇంకొన్నాళ్లలో పోయే మనిషి. ఈ అనుమానం కడుపులో పెట్టుకునే పోతాడు. పోయినాక ఇది కాట్లో కాలదు, ఊళ్లోనే ఉంటుంది, బిడ్డ ఇంట్లో ఉంటుంది.

మర్నాడు చుట్టిన కండెలు బుట్టలో పెట్టుకుని కార్ఖానాకు పోయింది. కార్ఖానా ఆసామి అంజన్నది. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని, కూలికి మనుషుల్ని పెట్టుకుని సాంచాలు నడిపిస్తాడు. దశరథం అక్కడ పగటిపాళి చేసేవాడు. అవే సాంచాల మీద రాత్రిపాళి నాగరాజుది. ఒకరు దిగితే ఒకరు ఎక్కేవారు. దశరథం మంచాన పడ్డప్పటి నుంచి నాగరాజే పగటిపాళిలో కూడా సగం చేస్తున్నాడు. ఇంకెవరినీ పెట్టొద్దని, అన్న లేచి వచ్చేదాకా తానే చూసుకుంటానని అంజన్నను బతిమాలాడు. అన్న లేవడని అతనికీ తెలుసు.

అనసూర్య పోయేసరికి ఒక సాంచెలో పేక దారం అయిపోయింది. నాగరాజు దాన్ని ఆపి, పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెను బయటికి తీశాడు. చేతిలో ఇమిడే చెక్క నాడె, రెండు కొనలకూ ఇనుప ములుకులు, వాడి వాడి నున్నబడిపోయింది. ఖాళీ కండె లాగిపారేసి, అనసూర్య తెచ్చిన నిండు కండె అందులో బిగించి, దారపు కొసను లోపలి కన్నం దగ్గర పెట్టి, బయట నుంచి నోరు ఆనించి ఒక్క గుక్క పీల్చాడు. దారం పెదవి మీదికి వచ్చింది. నోట్లో పడ్డ నూగు పక్కకు ఉమ్మేసి, నాడెను సాంచెలో వేసి మళ్లీ నడిపించాడు. మళ్లీ టకటక మొదలైంది. పక్క సాంచెలో అప్పుడే దారం తెగింది.

"గా నాడె మీ అన్న నోట్ల పెట్టుకున్నదే గద నాగరాజు," అన్నది అనసూర్య. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

"నాడెకు ఎంగిలేంది వదినె," అని నవ్వాడు నాగరాజు. ఆ మాట కార్ఖానాలన్నింటిలో ఉన్నదే. వాళ్ల వాడలో ఒకరు మూతి పెట్టిన గ్లాసు ఇంకొకరు ముట్టరు, మొగుడు తిన్న కంచం కూడా కడగందే పెళ్లాం ముట్టని ఇళ్లున్నాయి. నాడెకు మాత్రం ఆ పట్టింపు లేదు. తాత పెట్టిన మూతి మీదే మనవడు మూతి పెడతాడు. కూడు పెట్టే వస్తువుకు ఎంగిలి అంటిస్తే పాపమని పెద్దవాళ్లు అంటారు.

నాగరాజు చెమట తుడుచుకుని, ఆమె చంకలోని నీళ్ల సీసా వైపు చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వడానికి వెనకాడింది. ఊళ్లో మాట అతను వినే ఉంటాడు.

"ఇయ్యి వదినె. ఎవలేమంటే మనకేంది. డాక్టర్లు సవాలక్ష చెప్తరు. ఫికర్ చెయ్యకు," అని గటగటా తాగి సగం చేశాడు. ఆ వారంలో ఆమె చేతి నీళ్లు ముట్టిన పరాయి మనిషి అతనొక్కడే. అనసూర్యకు కళ్లు నిండాయి. నూగు పడిందని కొంగుతో తుడుచుకున్నది.

చెప్పిన రోజున అనసూర్య ఒక్కతే కరీంనగర్ పోయింది. సృజన ఆమెను చూడగానే గుర్తుపట్టి లోపలికి పిలిచింది.

"మీకు ఏం లేదమ్మా. మంచిగనే ఉన్నరు."

అనసూర్య రెండు చేతులూ జోడించింది. "గా మాట మా వదినెకు ఫోన్ల చెప్పు బిడ్డా. నాకు లేదని, నా నుంచి రాలేదని చెప్పు."

డాక్టరమ్మ మొహం మారింది. ఇంట్లో ఏం జరుగుతున్నదో అప్పుడు అర్థమైనట్టుంది. కలం పక్కన పెట్టింది. "మీకు ఇప్పుడు లేదని చెప్పగలను. ఎప్పుడూ రాలేదని చెప్పలేనమ్మా. ఇది చానా మందికి వచ్చి, వాళ్లకు తెలవకుండనే పోతది. ఆయనకు ఎక్కడ్నుంచి వచ్చిందో, ఎన్నేండ్ల కింద వచ్చిందో ఎవరూ చెప్పలేరు. అసలు ఆయన రోగం దీంతోనే వచ్చిందని కూడా చెప్పలేను. కాదనీ చెప్పలేను. నేనా రోజు ఆ మాట అందరి ముందట అనకపోయేదుండె."

"నోటితోటి నాడె పీలుస్తరు బిడ్డా. ఒకరి తర్వాత ఒకరు. దాంతోటి వస్తదా?"

సృజనకు నాడె అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. శ్రద్ధగా విన్నది. "లేదమ్మా. ఒక కంచంల తింటే, ఒక గ్లాసుల తాగితే వచ్చేది కాదిది. నాడెతో వస్తదని ఎవరూ ఎక్కడా చెప్పలే. అట్ల అనుకోవద్దు, ఎవరితో అనొద్దు. కావాలంటే మీ వదినెను తీసుకురండి, నేను కూర్చోబెట్టి చెప్తా."

తీసుకురావచ్చు. రామవ్వ వస్తుంది, వింటుంది. ఇప్పుడు లేదట, మరి అప్పుడో, అంటుంది. డాక్టరమ్మ దగ్గర అబద్ధం లేదు. అనసూర్యకు పనికొచ్చే నిజం కూడా లేదు. బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి, ఇంటికి పోయి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూనే ఉన్నది. సిరిసిల్ల బస్టాండు వచ్చినా తేలలేదు.

ఇంటికి పోయేసరికి రోగిని చూడటానికి అంజన్న వచ్చి ఉన్నాడు, కుర్చీ వేసుకుని మంచం దగ్గర కూర్చున్నాడు. గడప మీద రామవ్వ. అరుగు మీద బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లు. అనసూర్య చెప్పులు విడవకముందే రామవ్వ అడిగింది.

"ఏమన్నదే డాక్టరమ్మ?"

"నాకేం లేదన్నది."

"ఇప్పుడు లేదన్నదా?"

అనుకున్నట్టే అయింది. అరుగు మీద చాటల్లో కత్తెరలు ఆగాయి. దశరథం పైకప్పు వైపు చూస్తున్నాడు. అనసూర్యకు ఒళ్లంతా మండిపోయింది. బతికినన్నాళ్లూ నెత్తికెత్తిన నూలు, చుట్టిన కండెలు, వడకట్టిన జావ అంతా ఆ ఒక్క ప్రశ్న ముందు చిత్తుకాగితమైపోయింది.

"ఈయనకు నాడెతోటి వచ్చిందట," అన్నది. గొంతు తొణకలేదు. "నోటితోటి పీలుస్తరు గద. ఒకని ఎంగిలి ఒకనికి. గట్లనే వచ్చిందని డాక్టరమ్మ చెప్పింది."

అంజన్న కుర్చీలో కదిలి, పెదవుల్ని వేళ్లతో తుడుచుకున్నాడు. అతనూ చిన్నప్పటి నుంచి నాడె పీల్చినవాడే. దశరథం మాత్రం మోచేతి మీద లేవబోయాడు. పండుకున్న చోటు నుంచి లేచి కూర్చోవడం మానేసి ఎన్నాళ్లయిందో.

"నాడెనే," అన్నాడు. "నాడెనే గది. నాకు ముందే అనుమానం ఉండె."

అతనికి అలాంటి అనుమానం ఏనాడూ లేదు. అనసూర్య అతని మొహం చూసింది. భార్య మీద అనుమానం తీరిన మొహం కాదది. ఇన్ని రోజులుగా అతను గోడ దిక్కు తిరిగింది తన గతానికే భయపడి. భీవండిలో ఏమున్నదో అతనికి తెలుసు. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టి చూశాడు, ఇప్పుడు పెట్టుకోవడానికి ఇంకో చోటు దొరికింది. తలకొచ్చింది తలపాగాతో పోయింది.

"జర జావ పెట్టవే," అన్నాడు దశరథం.

ఆమె పెట్టింది. వడకట్టి, చల్లార్చి, చెంచాతో పెట్టింది. గుటకలు రెండు దిగాయి, మూడోది దిగలేదు. తుడిచింది. జమ్మికుంటకు రామవ్వే ఫోన్ చేసి చెప్పింది, కార్ఖానా ఎంగిలితో వచ్చిందట బిడ్డా అని. ఆ నాడెల మీద దశరథం నోరు కాక నాగరాజు నోరొక్కటే ఉన్నదని అనసూర్యకు తెలియదా? మాట నోటి నుంచి వచ్చినప్పుడు తట్టలేదని తరువాత తనకు తాను చెప్పుకున్నది. తట్టిందేమో కూడా.

అంజన్న చెడ్డవాడు కాదు. నాగరాజును తిట్టలేదు, కొట్టలేదు. పాత నాడెలన్నీ పొయ్యిలో పెట్టించి, జరన్ని రోజులు రాకు తమ్మీ, మిగతావాళ్లు నీ వెనుక పాళి ఎక్కేది లేదంటున్నరు అన్నాడు. ఇంకో కార్ఖానాకు పోతే అక్కడా మాట ముందే చేరిపోయింది. ఇవన్నీ అనసూర్యకు అరుగు మీద తెలిశాయి. ఇప్పుడు అరుగు మీద ఆమెకు మామూలు చోటే ఉంది.

రెండు రోజులకు నాగరాజు భార్య మమతారాణి వచ్చింది. ఎప్పుడు వచ్చినా అక్కా అంటూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి, ఆ రోజు గడప బయటే నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. లోపల మంచం మీద దశరథం మేలుకునే ఉన్నాడు. గోడ అవతల నుంచి రామవ్వ వచ్చి గుమ్మం పక్కన ఆగింది.

"లోపటికి రా మమతా."

"రానక్కా. ఒక్క మాట అడిగి పోత. నాడెతోటి అంటుకుంటదని డాక్టరమ్మే చెప్పిందా?"

అనసూర్య కొంగు సర్దుకున్నది.

"మా ఆయన పని గురించి కాదక్కా," అన్నది మమతారాణి. గొంతు తగ్గించింది. "ఆయన ఏదన్న చేసుకుంటడు, సూరత్ పోతనంటుండు. మా అత్త నిన్నటి సంది నా చేతి కూడు ముడ్తలేదు. తన కొడుక్కు ఎవలంటిచ్చిన్రని అడుగుతుంది. నా మొకం చూసుకుంటనే అడుగుతుంది. డాక్టరమ్మ గట్ల అనలేదని నువ్వొక్క మాట చెప్తే, మా అత్తను ఈడికే తోలుకొస్తనక్కా. నీ కాళ్లు మొక్కుత."

ఒక్క మాట. ఆ మాట నిజం. చెప్తే మమతారాణి ఇంటికి పోయి అన్నం వండుకుంటుంది. కానీ గుమ్మం పక్కన రామవ్వ నిలబడి ఉన్నది. లోపల మంచం పట్టె మీద దశరథం వేళ్లు బిగుసుకున్నాయి. రేపో మాపో అతను పోతాడు. జమ్మికుంట నుంచి బిడ్డ వచ్చి శవం మీద పడి ఏడుస్తుంది. అప్పుడు ఆ బిడ్డ తల్లిని ఏ కళ్లతో చూడాలి?

"డాక్టరమ్మే చెప్పింది," అన్నది అనసూర్య.

మమతారాణి ఆమె మొహం వైపు చాలాసేపు చూసింది. గోడ పట్టుకుని మెట్టు దిగి, గల్లీలోకి పోయింది. అనసూర్య ఆ వీపు కనిపించినంతసేపు నిలబడి, లోపలికి వచ్చింది.

"పొద్దటి సంది ఏం తినలే నువ్వు," అన్నది రామవ్వ. గొంతు మెత్తగా ఉన్నది. తనింట్లోంచి కంచంలో అన్నం, పప్పు తెచ్చి ఆమె ముందు పెట్టింది. "తిను. తమ్ముడు తర్వాత తాగుతడు."

అనసూర్య కంచం ముందు కూర్చున్నది. తినలేననుకున్నది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆకలి ఎంతున్నదో తెలిసింది. ముద్ద వెనుక ముద్ద, ఎక్కడా ఆగకుండా దిగింది. మంచం మీద నుంచి దశరథం చూస్తుంటే, కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నది.